ఊరు ఒప్పుకున్న కళ

శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. చెరువు గట్టు మీదుగా, తాళాలు పడిన ఇళ్ళ పక్కగా, కొండ మొదలు దాకా ఒక కళాబాట వేద్దామని ఊరి యువకులు పంచాయతీ ముందు ప్రతిపాదన పెట్టారు. మట్టి, రాయి, వెదురు, గడ్డి లాంటి ఊళ్ళో దొరికే సరుకుతో ఊరివాళ్ళే బొమ్మలు చేసి దారి పొడవునా నిలపాలని వాళ్ళ కోరిక. దీని మీద ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు వచ్చాయి. మామయ్య వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరై సొంత పొలం చూసుకుంటున్నారు. మేనకోడలు విశాఖలో శిల్పకళ నేర్పుతుంది. 2024లో జపాన్ వెళ్ళి ఎచిగో-త్సుమారి కళోత్సవం చూసి వచ్చింది. వాళ్ళిద్దరి మధ్య సాగిన సంవాదం ఇది.

మామయ్య: సూటిగా అడుగుతాను తల్లీ. ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు. కుర్రాళ్ళు విశాఖ, హైదరాబాదు, చెన్నై వెళ్ళిపోయారు. పిల్లలు మూడో తరగతికే పక్క ఊరికి నడవాలి. ఊడ్పుల వేళ మనుషులు దొరక్క మడులు బీడు పెట్టుకుంటున్నాం. ఇలాంటి ఊరికి ముందు కావలసింది బొమ్మలా?

మేనకోడలు: ఎచిగో-త్సుమారి రైతులు కూడా ఇదే అడిగారు మామయ్యా. జపాన్‌లో నీగాతా రాష్ట్రంలోని తోకమాచి, త్సునాన్ ప్రాంతం అది. 760 చదరపు కిలోమీటర్ల కొండ నేల, దాదాపు 200 పల్లెలు. చలికాలంలో మనిషి ఎత్తు దాటి మంచు పడుతుంది. అలాంటి చోట కొండవాలును తవ్వి, అంచెలంచెలుగా మడులు కట్టి తరతరాలుగా వరి పండించారు. 1970 ప్రాంతం నుంచి ప్రభుత్వమే వరి విస్తీర్ణం తగ్గించమంది. పండించకుండా ఉంటే డబ్బిస్తామంది. జీవితమంతా గట్లు వేసుకుంటూ బతికిన రైతుకు ఆ మాట ఎలా తగులుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లలు టోక్యో పోయారు, బడులు మూతపడ్డాయి. 1990లలో ఫ్రామ్ కితగావా అనే ఆయన వచ్చి ఇక్కడ కళోత్సవం చేద్దామంటే ఊళ్ళూ కౌన్సిళ్ళూ వద్దన్నాయి. 1999లో మొదలు కావలసింది 2000కి వాయిదా పడింది. ఒప్పించడానికి దాదాపు రెండు వేల సమావేశాలు పెట్టవలసి వచ్చిందని చెబుతారు.

మామయ్య: అన్ని సమావేశాలా! ఒప్పుకుని సరేనన్నారా, అలిసిపోయి సరేనన్నారా?

మేనకోడలు: కొన్ని ఊళ్ళు ఒప్పుకోలేదు. ఆ ఊళ్ళలో మొదటి విడతలో ఏ పనీ పెట్టలేదు. పక్క ఊళ్ళో జరిగింది చూసి తర్వాతి విడతల్లో వాళ్ళంతట వాళ్ళే ముందుకొచ్చిన ఊళ్ళున్నాయి. మూడేళ్ళకోసారి జరిగే ఉత్సవం కాబట్టి చూసి ఆలోచించుకునే వ్యవధి దొరికింది. నాకు నచ్చిన సంగతి అదే. ఒకరి నేల మీద బొమ్మ పెట్టాలంటే ముందు వాళ్ళ గడప తొక్కి అడగాలి. అడిగితే వాళ్ళు కాదనవచ్చు. మ్యూజియంలో పనిచేసే కళాకారుడికి ఆ పరీక్ష ఉండదు.

మామయ్య: అడిగారని నువ్వు చెబుతున్నావు. అడిగించుకున్న రైతు ఏమనుకున్నాడో ఎవరు చెబుతారు?

మేనకోడలు: ఒక రైతు సంగతి చెబుతాను. సోవియట్ యూనియన్‌లో పుట్టిన ఇల్యా, ఎమీలియా కబకోవ్ దంపతులు మత్సుదాయి అనే చోట నది అవతలి మెట్ల మడుల్లో బొమ్మలు నిలపాలనుకున్నారు. ఆ మడుల రైతు ముసలాయన, దెబ్బ తగిలి సాగు మానేద్దామనుకుంటున్నాడు. తాతల నాటి మడుల్లో ఎవరివో బొమ్మలేమిటని మొదట వద్దన్నాడు. కబకోవ్‌లు ఆ ప్రాంతంలో వరి సాగు ఎలా చేస్తారో తెలుసుకున్నారు. దున్నడం, నారు పోయడం, ఊడ్చడం, కలుపు తీయడం, కోయడం, ఈ పనులు చేసే మనుషుల ఆకారాలను పసుపు, నీలం రంగుల్లో తయారు చేశారు. నది ఇవతల ఒక అరుగు కట్టి, ఆ పనుల గురించిన మాటలను అక్షరాలుగా గాలిలో వేలాడదీశారు. అరుగు మీద నిలబడితే అక్షరాలు వెళ్ళి అవతలి బొమ్మల మీద, నిజమైన పొలం మీద పడినట్టు కనిపిస్తాయి. నమూనా చూశాక ఆ రైతు ఒప్పుకున్నాడు. మానేద్దామనుకున్న సాగు ఆ తర్వాత కొన్నేళ్ళు చేశాడు.

మామయ్య: బాగుంది. కానీ నాకు అందులోనే అభ్యంతరం ఉంది. రైతు ఉన్నప్పుడు రైతు బొమ్మ అక్కర్లేదు. రైతు పోతున్నప్పుడే బొమ్మ పెడుతున్నారు. ఆ ఉత్సవం వచ్చాక జనం వెనక్కి తిరిగి వచ్చారా? అది చెప్పు ముందు.

మేనకోడలు: రాలేదు. దాచను. చుట్టుపక్కల పట్టణాలు కలిశాక 2005లో తోకమాచి జనాభా సుమారు 62 వేలు. 2020 నాటికి 50 వేల కిందికి దిగింది. అదే కాలంలో ఉత్సవానికి వచ్చేవాళ్ళు పెరిగారు. 2000లో లక్షా అరవై వేలకు పైగా వస్తే, 2018లో దాదాపు అయిదున్నర లక్షల మంది వచ్చారు.

మామయ్య: చూశావా! చూసేవాళ్ళు పెరిగారు, ఉండేవాళ్ళు తగ్గారు. నా భయం సరిగ్గా అదే. వచ్చేవాళ్ళు ఫొటో తీసుకుని పోతారు. ఊరు మాత్రం ఖాళీ అవుతూనే ఉంటుంది. పైగా బొమ్మలున్నాయి కదా అని అధికారులు బడి సంగతీ బస్సు సంగతీ మరిచిపోతారు. రంగులేసిన గోడ వెనక ఏముందో ఎవరూ అడగరు.

మేనకోడలు: ఆ ప్రమాదం ఉంది. అయితే ఒక్క జనాభా లెక్కతోనే తీర్పు చెప్పకండి. జననాలు తగ్గడం, పట్టణాల్లోనే ఉద్యోగాలు ఉండటం, ఇవి జపాన్ అంతటినీ పట్టిన సంగతులు. ఏ కళా వాటిని తిప్పలేదు. నేను అడిగేది వేరు. ఉన్నవాళ్ళ బతుకు ఎలా మారింది? మడులు ఏమయ్యాయి? 2003లో మత్సుదాయి టెర్రస్ బ్యాంక్ అని ఒక ఏర్పాటు మొదలైంది. పట్నం వాళ్ళు ఒక మడికి ఏడాదికి ఇంత అని కట్టి దత్తత తీసుకుంటారు. ఊళ్ళో మనుషులు సాగు చేస్తారు. పండిన బియ్యంలో వాటా కట్టినవాళ్ళకు పంపిస్తారు. వీలైనవాళ్ళు వచ్చి ఊడ్పుల్లో, కోతల్లో పాలుపంచుకుంటారు. 2015లో ఎఫ్‌సీ ఎచిగో-త్సుమారి అని మహిళల ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. ఆ అమ్మాయిలు అక్కడికి వచ్చి కాపురం ఉంటారు, మెట్ల మడుల్లో పని చేస్తారు, మ్యాచ్‌లు ఆడతారు. బొమ్మలు చూడటానికి వచ్చిన జనంతో ఏర్పడిన సంబంధమే వీటికి దారి తీసింది.

మామయ్య: మడి దత్తత మాట వినడానికి బాగుంది. వ్యవసాయంలో బతికినవాణ్ణి, ఒకటి అడుగుతాను. ఎకరాకు దిగుబడి ఎంత, కూలి ఎంత అని లెక్క వేస్తే కొండ మడి ఎప్పుడూ నష్టమే. దత్తత డబ్బు ఆ నష్టాన్ని పూడుస్తుంది, అంతే. రేపు పట్నం వాళ్ళకు మోజు తీరితే?

మేనకోడలు: తీరవచ్చు. కానీ కొండ మడి ఇచ్చేది బియ్యం ఒక్కటే కాదు కదా మామయ్యా. ఈ మాట మీ దగ్గరే నేర్చుకున్నాను. మడిలో నిలిచిన నీరు భూమిలోకి ఇంకుతుంది. గట్టు బాగుంటే వాలు మీద మట్టి కొట్టుకుపోదు. సాగు ఆగి గట్లు తెగితే వానకు కొండ జారుతుంది. ఆ పనికి మార్కెట్ ధర కట్టదు. ఎవరో ఒకరు కట్టాలి. కనీసం చూసి, ఇష్టపడినవాళ్ళు కడుతున్నారు.

మామయ్య: ఆ మేరకు ఒప్పుకుంటాను. చెరువు గట్టు సంగతీ అంతే. మరమ్మతుకు డబ్బు రాదు. గట్టు తెగాకే అందరికీ గుర్తొస్తుంది. సరే, ఖాళీ ఇళ్ళ సంగతి చెప్పు. మన ఊళ్ళో కూలిపోతున్న పెంకుటిళ్ళను ఏం చేద్దామంటారు మీరు?

మేనకోడలు: అక్కడ వదిలేసిన ఇంటి పైకప్పు మీద మంచు తొలగించకపోతే కొన్ని చలికాలాలకే కూలిపోతుంది. నిహోన్ విశ్వవిద్యాలయం శిల్ప విద్యార్థులు, అధ్యాపకులు ఒక పాత రైతు ఇంటిని తీసుకున్నారు. గోడలు, స్తంభాలు, నేల, దూలాలు అన్నీ లోపలి వైపు ఉలితో చెక్కారు. రెండేళ్ళకు పైగా పట్టి 2006లో సిద్ధమైంది. పొగకు నల్లబడిన చెక్క కింద నుంచి తెల్లని చెక్క బయటపడి, ఇల్లంతా ఉలి గుర్తులతో నిండింది. చెక్కుతున్నంత కాలం విద్యార్థులు ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఇప్పుడు ఆ ఇంట్లో రాత్రి బస చేయవచ్చు. ఇంకో ఇంటి పేరు ఉబుసునా. 2004 అక్టోబరులో ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత, 2006లో, ఈ గడ్డి కప్పు ఇంటిని కుమ్మరి పనితనంతో తీర్చిదిద్దారు. కుంపటీ, వాష్‌బేసినూ, స్నానాల తొట్టీ అన్నీ పేరున్న కుండల కళాకారులు చేసినవే. అక్కడ భోజనశాల నడుపుతున్నది ఊరి ఆడవాళ్ళు. ఊరి కూరగాయలే వండుతారు. తమ ఇంటి వంటకు దూరం నుంచి మనుషులు వచ్చి డబ్బిచ్చి తింటారని వాళ్ళు ముందు అనుకోలేదట.

మామయ్య: బడి?

మేనకోడలు: హచి అనే ఊళ్ళోని సనద ప్రాథమిక పాఠశాల 2005లో మూతపడింది. చివరికి మిగిలింది ముగ్గురు పిల్లలు. పిల్లల బొమ్మల పుస్తకాలు వేసే సెయ్‌జో తషిమా 2009లో ఆ బడి మొత్తాన్ని నడిచి చదివే బొమ్మల పుస్తకంగా మార్చారు. ఆ ముగ్గురు పిల్లలే కథలో పాత్రలు. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలూ, చెట్ల కాయలూ కలిపి బొమ్మలు చేశారు. ఊరివాళ్ళు కూడా చేతులు వేశారు.

మామయ్య: అది విని నాకు సంతోషం కలగలేదమ్మా. బడిని బడిగా ఉంచలేకపోయారు. జ్ఞాపకంగా మార్చారు.

మేనకోడలు: నాకూ అక్కడ సంతోషం కలగలేదు. కానీ మూతపడిన బడి కూలిపోయి పిచ్చిమొక్కల్లో కలిసి ఉంటే ఆ ముగ్గురి పేరు ఎవరికీ తెలిసేది కాదు. పోతున్న ఊరు చెప్పుకోకుండా పోవడం వేరు, చెప్పుకుని పోరాడుతూ ఉండటం వేరు. రెండోదానికి నేను విలువ ఇస్తాను.

మామయ్య: సరే. ఇక నిర్వహణ. రంగులు వేసిన మొదటి ఏడాది అందరూ వస్తారు. మూడో ఏడాది గోడ పెచ్చులూడుతుంది, వెదురు చెదలు తింటుంది. అప్పుడు ఎవరు చేస్తారు? ప్రభుత్వ డబ్బు ఒక్కసారే వస్తుంది. ఈ రాష్ట్రంలో ఎన్ని పార్కులు, ఎన్ని విగ్రహాలు ప్రారంభోత్సవం తర్వాత దిక్కులేకుండా పడి ఉన్నాయో చూశాను.

మేనకోడలు: అక్కడా డబ్బు సమస్య వచ్చింది. మొదటి మూడు విడతలకు నీగాతా ప్రభుత్వ సాయం పెద్ద అండగా ఉంది. ఆ తర్వాత అది ఆగింది. 2008లో స్థానికంగా ఒక సంస్థ పెట్టుకుని టికెట్లు, విరాళాలు, దాతల సొమ్ముతో నడుపుతున్నారు. మంచు రాకముందు బయటి బొమ్మలను కప్పాలి, కొన్నింటిని విప్పి దాచాలి. ఉత్సవం లేని ఏడాదుల్లో కూడా ఈ పని తప్పదు. కొహెబి-తాయి అని స్వచ్ఛంద సేవకుల దండు ఉంది, చాలామంది పట్నం విద్యార్థులు. భూకంపం వచ్చినప్పుడు వాళ్ళే ఇళ్ళు శుభ్రం చేయడానికి వచ్చారు. మన యువకుల ప్రతిపాదనలో లోపం ఇక్కడే ఉంది. బొమ్మ చేసే ఖర్చు రాశారు, పదేళ్ళు కాపాడే ఖర్చు రాయలేదు.

మామయ్య: అది నువ్వే ఒప్పుకున్నావు కనుక ఇంకో మాట. కళ వెనక కంపెనీ వస్తుంది. ఆవోమోరి రాష్ట్రంలో ఇనకదాతే అనే ఊరు ఉంది. వరి సాగు పుస్తకాల్లో చదివాను. 1993 నుంచి వేర్వేరు రంగుల వరి రకాలు నాటి పొలంలోనే పెద్ద బొమ్మ తెప్పిస్తారు. ఏ రంగు మొక్క ఎక్కడ నాటాలో కొలతలు వేసి గుర్తులు పెట్టి ఊరి జనమూ వచ్చినవాళ్ళూ కలిసి నాటుతారు. అది నిజంగా రైతు కళే, మెచ్చుకుంటాను. కానీ 2008లో ఆ బొమ్మ అడుగున కంపెనీల గుర్తులు కూడా నాటారు.

మేనకోడలు: అభ్యంతరం వచ్చాక ఆ మొక్కలు పీకేశారు కూడా. అది చెప్పలేదు మీరు.

మామయ్య: పీకేశారు, నిజమే. భూమి వాళ్ళది కాబట్టి పీకగలిగారు. మన గట్టు ఎవరిది? చెరువు కింద ఆయకట్టు రైతులను అడిగారా మన కుర్రాళ్ళు? పైగా వాళ్ళ ప్రతిపాదనలో సవరల గోడ చిత్రాలు గట్టు మీద వేయిస్తామని ఉంది. ఉద్యోగంలో ఉండగా నేను సవర గూడేల్లో ఏళ్ళ తరబడి తిరిగాను. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వాళ్ళు వేసే బొమ్మలు ఇంటి లోపల ఉంటాయి. పూర్వీకుల కోసం, దేవతల కోసం, పూజారి చెబితే వేస్తారు. దారిన పోయేవాడు చూడటానికి కాదు. దాన్ని తెచ్చి రోడ్డు పక్క గోడకు ఎక్కిస్తే ఆ బొమ్మ ఎవరికి మొక్కుతుంది?

మేనకోడలు: ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అది తీసేయాలి. సవర కళాకారులు తమంతట తాము వచ్చి, ఏది బయట వేయవచ్చో ఏది వేయకూడదో తామే చెబితే అప్పుడు మాట్లాడాలి.

మామయ్య: ఇంకో బాధ కూడా ఉంది నాకు. గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ చనిపోయింది తోకమాచిలోనే కదా?

మేనకోడలు: అవును. తోకమాచిలో ఒక మూతపడిన బడిలో 1982 నుంచి మిథిలా మ్యూజియం ఉంది. ఈ ఉత్సవం కంటే పాతది. మధుబని చిత్రకారిణి గంగాదేవి, వార్లీ చిత్రకారుడు జివ్యా సోమా మాషే లాంటివాళ్ళు అక్కడ ఉండి బొమ్మలు వేశారు. 2001 జూలైలో జన్‌గఢ్ అక్కడే ఆత్మహత్య చేసుకున్నారు. నలభై ఏళ్ళు కూడా లేవు. ఇంటికి అంత దూరంలో, ఒంటరిగా. మన దేశంలో కళాకారులు దాని మీద గట్టిగా ప్రశ్నలు అడిగారు. కళ పేరుతో మనిషిని పిలిచినప్పుడు అతని కూలి, విశ్రాంతి, ఇంటికి తిరిగి వెళ్ళే స్వేచ్ఛ ముందు రాసుకోవాలి. బొమ్మ ఆ తర్వాత. ఈ మాటలో నాకు రాజీ లేదు.

మామయ్య: రంగుల గురించి కూడా ఆలోచించారా? గట్టు మీద ఎనామిల్ పూస్తే పెచ్చులు చెరువులోకే పోతాయి. చేపలూ అందులోవే, పశువులు తాగేదీ ఆ నీళ్ళే.

మేనకోడలు: ఎనామిల్ వద్దే వద్దు. సున్నం, జాజు, ఎర్రమట్టి, నల్లరేగడి చాలు. జపాన్ చిత్రకారుడు యూసుకే అసాయి బీహార్‌లో ఒక పల్లెటూరి బడి గోడల నిండా అక్కడి మట్టినే రంగులుగా చేసి బొమ్మలు వేశాడు. ఆ మాటకొస్తే మన ఆడవాళ్ళు ఎప్పటి నుంచో చేస్తున్న పనే అది. వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు చీమలు తినేస్తాయి, మర్నాడు మళ్ళీ వేస్తారు. తెలంగాణలో తంగేడు, గునుగు, బంతి పూలతో బతుకమ్మ పేర్చి, ఆడి, చెరువులో కలుపుతారు. ఏ బడ్జెట్టూ లేకుండా, ఏ చెత్తా మిగలకుండా.

మామయ్య: చూసేవాళ్ళు లేకుండా కూడా. అదే నా మాట. ముగ్గు వేసే మనిషికి పర్యాటకుడు అక్కర్లేదు.

మేనకోడలు: అక్కర్లేదు. కానీ ఊళ్ళో ముగ్గు వేసే మనిషే లేకుండా పోతే? తాళం వేసిన ఇంటి ముందు ముగ్గు ఉండదు మామయ్యా. బయటి నుంచి ఒక చూపు వచ్చినప్పుడు కొన్నిసార్లు ఊరికి తన పని మీద గౌరవం తిరిగి వస్తుంది. నీగాతా ముసలి రైతు మళ్ళీ సాగు చేశాడన్నది అందుకే చెప్పాను. ఆ గౌరవాన్ని నమ్మి మొదలుపెడదామంటాను.

మామయ్య: నేను గౌరవాన్ని నమ్ముతాను, కానీ కాగితం మీద హక్కుగా రాసి ఉన్నప్పుడే. నా షరతులు చెబుతాను. గ్రామసభ పెట్టాలి. ఆయకట్టు రైతులు, సవర గూడెం, ఆడవాళ్ళు విడివిడిగా కూర్చుని చెప్పాలి. ఏ ఒక్క పొలం యజమాని వద్దన్నా అక్కడ ఆగిపోవాలి. పదేళ్ళ నిర్వహణకు డబ్బు ముందే బ్యాంకులో వేయాలి. కంపెనీ పేరు గట్టు మీద కనబడకూడదు. కళాబాట తీర్మానం ఉన్న కాగితం మీదే మూడు, నాలుగు, ఐదు తరగతులు ఊళ్ళోకి తిరిగి తేవాలన్న తీర్మానమూ ఉండాలి. రెండూ కలిసి పంపితేనే సంతకం పెడతాను.

మేనకోడలు: చివరి షరతు నాకు కష్టం. బడి తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. అందాకా ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళు, పిల్లలు దేనికీ చేయి వేయకుండా కూర్చోవాలా? బడి కోసం పోరాడుతూనే గట్టు మీద మొదటి రాయి పెట్టవచ్చు. కళను చివరి సౌకర్యంగా లెక్క కడితే పేద ఊరికి అది ఎప్పటికీ రాదు.

మామయ్య: రాయి పెట్టుకో. కానీ కాగితం మాత్రం ఒకటే ఉండాలి. రాయి చూడటానికి వచ్చిన ప్రతి కలెక్టరూ, ప్రతి మంత్రీ ఆ రెండో తీర్మానం కూడా చదవాలి.

మేనకోడలు: అలా అయితే నాకు అభ్యంతరం లేదు. నేనూ ఒక షరతు పెడతాను. ఊరివాళ్ళు చేసిన పనికి కూలి ఇవ్వాలి. ప్రేమతో చేశారు కదా అని ఆడవాళ్ళ చేత ఊరికే చేయించుకోవడం ఇక్కడ ఆగాలి.

మామయ్య: అది నా షరతుల్లో మొదటిది కావలసింది. కాగితం మీద రాసుకో.

ఇద్దరూ చివరి దాకా ఒకే మాట మీదికి రాలేదు. పల్లెకు కళ ఎంత ముందు రావాలన్న దగ్గర వాళ్ళ తేడా అలాగే ఉంది. అయితే వాళ్ళు కలిసి రాసిన షరతులు ఏ ఊరికైనా పనికొస్తాయి. కళాబాట వేయాలనుకునే పంచాయతీలకూ, యువజన సంఘాలకూ, కళాకారులకూ ఒక విన్నపం. రంగులు కొనేముందు ఊరిని అడగండి. వద్దన్న గడప దగ్గర ఆగండి. కూలి, నిర్వహణ, ఊరి అసలు అవసరాలు మూడూ తీర్మానంలో రాయండి. వీటికి చోటు లేని కళాబాటను ఏ ఊరూ ఒప్పుకోనక్కర్లేదు.